ఆఫీసుకు రావాలి, లేదంటే పేపర్లు పెట్టమంటున్నారు. కందుకూరు నుంచి పనిచేస్తున్న నేను ఏం చేయాలి?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. మీది కందుకూరు. బెంగళూరు కంపెనీలో ఆరేళ్ల ఎనిమిది నెలల సర్వీసు, కోవిడ్ దగ్గర్నుంచీ ఇంటి నుంచే పని. వచ్చే నెల నుంచి వారానికి నాలుగు రోజులు ఆఫీసుకు రావాలని మెయిల్ వచ్చింది. అదే వారంలో మీ టీమ్‌లో కొందరిని తీసేశారు. మేనేజర్ ఫోన్ చేసి, "రాలేకపోతే నువ్వే పేపర్లు పెట్టెయ్, రిలీవింగ్ లెటర్ నీట్‌గా ఇప్పిస్తా" అన్నాడు. పేపర్లు పెట్టడమంటే రాజీనామా, రిలీవింగ్ లెటర్ అంటే ఉద్యోగం నుంచి వదిలేశామని కంపెనీ ఇచ్చే కాగితం. నాన్నగారికి స్టెంట్ వేశారు, మీ ఆవిడ అక్కడే స్కూల్లో టీచరు, పాప ఎల్‌కేజీ, ఒంగోలు ఫ్లాట్ మీద హోమ్ లోన్ నడుస్తోంది. వెళ్లాలా, మానేయాలా, అసలిలా రమ్మనే హక్కు వాళ్లకుందా అన్నది మీ ప్రశ్న.

వెళ్లండి. మీరొక్కరే వెళ్లండి. ఇంకో కంపెనీ ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా రాజీనామా పెట్టకండి. మెయిల్‌కు జవాబివ్వకుండా ఇంట్లో కూర్చోవడం మాత్రం అసలు చేయకండి. సంసారాన్ని కదల్చొద్దు, పాప స్కూలు మార్చొద్దు, బెంగళూరులో ఇల్లు అద్దెకు తీసుకుని అడ్వాన్సు కట్టొద్దు. మూడు నెలలు పీజీలో ఉండి చూడండి. ఆలోపు మీ ప్రాజెక్టు సంగతి ఎలాగూ తేలిపోతుంది.

చెన్నై ఓఎంఆర్‌లో, తర్వాత హైదరాబాద్‌లో ఐటీ కంపెనీల హెచ్‌ఆర్‌లో చాలాకాలం పనిచేశాను. ఇప్పుడు నెల్లూరు వేదాయపాలెంలో ఉంటూ చిన్న కంపెనీలకు పేరోల్, పాలసీ పనులు చూస్తున్నాను. లేఆఫ్ మీటింగుల్లో టేబుల్‌కు అవతలి వైపు కూర్చున్నదాన్ని కాబట్టి ఆ గదిలో ఏం జరుగుతుందో చెప్పగలను.

పైనుంచి ముందు ఒక అంకె వస్తుంది, ఫలానా డివిజన్‌లో జీతాల ఖర్చు ఇంత తగ్గాలని. పేర్లు ఆ తర్వాత. డెలివరీ హెడ్, ఫైనాన్స్ మనిషి, హెచ్‌ఆర్ కూర్చుంటారు. గోడ మీద స్క్రీన్, దాని మీద ఎక్సెల్ షీట్. ఎంప్లాయీ ఐడీ, గ్రేడ్, జీతం, ప్రాజెక్టు, బిల్లింగ్ ఉందా లేదా (అంటే ఆ మనిషి పనికి క్లయింట్ డబ్బు కడుతున్నాడా), బెంచ్ మీద (అంటే ప్రాజెక్టు లేకుండా) ఎన్నాళ్లు, గత రెండేళ్ల రేటింగు. మొదటి వడపోతలో బెంచ్ మీదున్న సీనియర్లు పోతారు. రెండో వడపోతలో క్లయింట్ తగ్గించుకుంటున్న ప్రాజెక్టుల్లో, ఒకే పనికి ఇద్దరున్న చోట ఎక్కువ జీతం ఉన్నవాళ్లు. అప్పటికీ అంకె చేరకపోతే కళ్లు చివరి కాలమ్ మీదికి వెళ్తాయి. అది ఆఫీసు హాజరు. కోవిడ్‌కు ముందు లేఆఫ్ షీట్లలో ఆ కాలమ్ నేను చూడలేదు. తర్వాత వచ్చింది, దానికి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు కూడా వచ్చాయి. ఇద్దరు అన్నింట్లో సమానంగా ఉంటే ఎరుపు రంగున్న పేరు మీదే కర్సర్ ఆగుతుంది. రేపు ఎవరైనా "ఎందుకు తీశారు" అని అడిగితే చెప్పడానికి కాగితం ఉంది కదా! మీ నాన్నగారి స్టెంట్‌కు ఆ షీట్‌లో గడి లేదు. మీరు ముందే మెయిల్ పెట్టి ఉంటే రిమార్క్స్‌లో ఒక ముక్క చేరుతుంది, అంతే. ఆ ముక్క పనిచేసిన సందర్భాలూ చూశాను.

కాబట్టి ఉద్యోగం నిలబడేది బిల్లింగ్ మీద. హాజరు వల్ల ఉద్యోగం నిలవదు గానీ, తీసేయడానికి సాకు దొరకకుండా చేస్తుంది. ఈ వారంలోనే మీ క్లయింట్ పని చూసే టీముల్లో నమ్మకమైనవాళ్లను కదిపి చూడండి. కాంట్రాక్టు ఎప్పటిదాకా ఉంది, రెన్యువల్ మాటలు జరుగుతున్నాయా, క్లయింట్ వైపు మేనేజరు మారాడా? ప్రాజెక్టు రెండు నెలల్లో ముగిసేదైతే, నాలుగు రోజులేం ఖర్మ, ఆరు రోజులూ వెళ్లినా లాభం లేదు. ఆఫీసుకు వెళ్తూనే వేరే ఉద్యోగం వెతుక్కోండి.

మీ కంపెనీ ఒక్కటే ఇలా చేస్తోందని అనుకోకండి. టీసీఎస్ 2023 అక్టోబరు నుంచే వారానికి ఐదు రోజులూ రమ్మంది. 2024లో వేరియబుల్ పేను (జీతంలో మారుతుండే భాగాన్ని) హాజరుకు ముడిపెట్టింది, 60 శాతం లోపు ఉంటే అసలు రాదు, 85 దాటితే పూర్తిగా వస్తుంది. 2025 జూన్‌లో ఏడాదికి 225 రోజులు బిల్లింగ్ ఉండాలి, బెంచ్ 35 రోజులు మించకూడదు అంది. మరుసటి నెల సుమారు 2 శాతం మందిని, అంటే 12 వేల పైచిలుకు ఉద్యోగాలను తగ్గిస్తామని ప్రకటించింది. ఇన్ఫోసిస్‌లో నెలకు పది రోజుల నియమం. అమెజాన్ 2025 జనవరి నుంచి ఐదు రోజులు రమ్మని, అదే ఏడాది అక్టోబరులో 14 వేల కార్పొరేట్ ఉద్యోగాలు తీసేస్తున్నామంది. 2020-21లో ఎగబడి తీసుకున్నారు, 2022లో అమెరికాలో వడ్డీ రేట్లు పెరిగాయి, ఇప్పుడు డబ్బంతా ఏఐ డేటా సెంటర్లకు పోతోంది. ఎవరూ పెద్దగా మాట్లాడని కారణం ఇంకోటుంది. 2022 నుంచి అమెరికా పన్ను చట్టం ప్రకారం అక్కడి కంపెనీలు బయటి దేశాల్లో చేసే సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ ఖర్చును ఏ ఏడాదికి ఆ ఏడాది చూపడానికి లేదు, 15 ఏళ్లకు పంచి చూపాలి. ఆ లెక్క చివరికి మన దగ్గర పనిచేసే టీముల మీద కూడా పడుతుంది.

రమ్మనడం వెనక మనుషుల్ని వదిలించుకునే ఆలోచన ఉందా అంటే, బయటికి ఎవరూ ఒప్పుకోరు. కానీ "ఈ మెయిల్ పంపితే ఎంతమంది వాళ్లంతట వాళ్లే వెళ్లిపోతారు" అని లోపల లెక్క వేసుకోకుండా పంపిన కంపెనీ నాకైతే తగల్లేదు. మీ మేనేజర్ ఫోన్‌ను కూడా ఆ దృష్టితోనే చూడండి. ఆయన చెడ్డవాడని కాదు, ఆయన నెత్తిన కూడా ఒక అంకె ఉండి ఉంటుంది. అయితే రిలీవింగ్ లెటర్ ఆయన దయతో వచ్చేది కాదు. నోటీస్ పీరియడ్ చేసి వెళ్లే ప్రతివాళ్లకూ వచ్చేదే. అదేదో వరంలా చెప్పి మీ చేత రాజీనామా రాయిస్తున్నాడు.

ఇక చట్టం. ఇంటి నుంచి పనిచేయడం మన దేశంలో హక్కు కాదు. సర్వీసు రంగానికి కేంద్రం 2020 చివర్లో తెచ్చిన ముసాయిదా స్టాండింగ్ ఆర్డర్లలో (ఉద్యోగ నియమావళిలో) కూడా, నియామక షరతులను బట్టి యజమాని "అనుమతించవచ్చు" అనే ఉంది. మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో పని స్థలం బెంగళూరు అని ఉంటుంది, దాని కింద కంపెనీ అవసరాన్ని బట్టి ఎక్కడికైనా పంపవచ్చన్న వాక్యం కూడా దాదాపు ఖాయం. కోవిడ్‌లో వచ్చిన మెయిల్‌లో "మళ్లీ చెప్పేవరకు" అని ఉండి ఉంటుంది. కాబట్టి రమ్మనడం తప్పని వాదించి గెలవలేరు. 2021-22లో చేరినవాళ్ల సంగతి వేరు. చీమకుర్తి అమ్మాయి ఒకామె లెటర్‌లో పని స్థలం దగ్గర రిమోట్ అని స్పష్టంగా ఉంది. ఆ ఒక్క పేజీ జతచేసి మెయిల్ పెట్టమన్నాను. కంపెనీ ఆమెకు మినహాయింపు ఇచ్చింది, కొన్నాళ్ల తర్వాత పద్ధతిగా సెవరెన్స్ (తీసేసేటప్పుడు ఇచ్చే పరిహారం) ఇచ్చి పంపింది.

తీసేయడం దగ్గర మాత్రం చట్టం కొంత మీ వైపు ఉంది. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్ ప్రకారం ఏడాది సర్వీసు దాటిన వర్కర్‌ను రిట్రెంచ్ చేస్తే, అంటే శిక్షగా కాకుండా కంపెనీయే తీసేస్తే, నెల నోటీసు లేదా నెల వేతనం, ప్రతి ఏడాది సర్వీసుకు 15 రోజుల వేతనం ఇవ్వాలి. రీస్కిల్లింగ్ ఫండ్ (కొత్త పని నేర్చుకోవడానికి) కింద ఇంకో 15 రోజుల వేతనం. ఇవన్నీ పాత 1947 చట్టంలో ఉన్నదానికి కొనసాగింపే, రీస్కిల్లింగ్ ఒక్కటే కొత్తది. అయితే మీ అంతట మీరు రాజీనామా చేస్తే అది రిట్రెంచ్‌మెంట్ లెక్కలోకే రాదు. ఫోన్‌లో మిమ్మల్ని అడిగింది ఆ డబ్బంతా వదులుకోమని.

ఎంతో చూద్దాం. చట్టం లెక్కలో మీ వేతనం 50 వేలు అనుకోండి. ఆరు నెలలు దాటిన భాగం పూర్తి ఏడాదిగా లెక్క, కాబట్టి మీ సర్వీసు ఏడేళ్లు. గ్రాట్యుటీ: 50,000ను 15తో గుణించి 26తో భాగిస్తే, ఏడేళ్లకు సుమారు 2 లక్షల 2 వేలు. ఐదేళ్లు దాటారు కాబట్టి ఇది రాజీనామా చేసినా వస్తుంది, దీని గురించి భయం వద్దు. రిట్రెంచ్‌మెంట్ పరిహారం సుమారు లక్షా 75 వేలు, నోటీసు 50 వేలు, రీస్కిల్లింగ్ 25 వేలు. అంటే రెండున్నర లక్షలు. కంపెనీ పాలసీలో సెవరెన్స్ ఇంతకంటే ఎక్కువే ఉండొచ్చు. ఒంగోలు ఫ్లాట్‌కు ఇది ఎన్ని ఈఎంఐలో మీరే లెక్కేసుకోండి.

ఇందులో ఒక మెలిక ఉంది. ఇదంతా "వర్కర్"కు. మేనేజర్ హోదాలో పనిచేసేవాళ్లు, నెలకు 18 వేలకు మించి జీతంతో సూపర్వైజర్ పని చేసేవాళ్లు ఆ నిర్వచనంలోకి రారు. మీరు కోడ్ రాస్తున్నారా, మనుషుల్ని నడిపిస్తున్నారా అన్నదే ముఖ్యం. విజిటింగ్ కార్డు మీద లీడ్ అని ఉన్నంత మాత్రాన పోదు. మీ చేతిలో అప్రైజల్స్, సెలవుల ఆమోదం ఉంటే మాత్రం కంపెనీ లాయరు దాన్ని పట్టుకుంటాడు.

ఇవాళ రాత్రే మేనేజర్‌కు, హెచ్‌ఆర్‌కు కలిపి మెయిల్ పెట్టండి. ఇంగ్లీషులో మీ పద్ధతిలో రాసుకోండి, సారం మాత్రం ఇది:

"ఆఫీసుకు రమ్మన్న మెయిల్ అందింది. చెప్పిన తేదీకి రిపోర్ట్ చేస్తాను. నాన్నగారికి గుండె చికిత్స జరిగినందున వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసేందుకు ఆరు నెలలు మినహాయింపు కోరుతున్నాను, మెడికల్ కాగితాలు జతచేశాను. ఫోన్‌లో రాజీనామా ప్రస్తావన వచ్చింది. నాకు రాజీనామా ఉద్దేశం లేదు, ఈ ప్రాజెక్టులో కొనసాగాలనుకుంటున్నాను."

ఎక్కువ రాయకండి. కోపం, చట్టం సెక్షన్లు, "కోవిడ్‌లో రాత్రింబగళ్లు చేశాను" లాంటివి వద్దు. చివరి రెండు వాక్యాలే మీ రక్ష. రేపు "అతనే వెళ్తానన్నాడు" అనడానికి ఉండదు. కంపెనీ ల్యాప్‌టాప్ ఏ పూటైనా లాక్ కావచ్చు కాబట్టి పేస్లిప్పులు, ఫారం 16, అప్రైజల్, హైక్ లెటర్లు మీ సొంత మెయిల్‌లో ఉండేలా చూసుకోండి. కోడ్, క్లయింట్ ఫైళ్ల జోలికి మాత్రం పోవద్దు. అది కనిపిస్తే ఉన్న సెవరెన్స్ కూడా పోతుంది.

ఒకవేళ పిలుపు వస్తే ఎలా ఉంటుందో కూడా చెప్తాను. పావుగంట మీటింగ్ ఇన్వైట్ వస్తుంది, పేరు "క్విక్ కనెక్ట్" లాంటిదేదో. కాల్‌లో మేనేజర్‌తో పాటు మీకు తెలియని హెచ్‌ఆర్ ఉంటుంది. రెండు కాగితాలు చూపిస్తారు, ఒకటి రాజీనామా, రెండోది సెటిల్‌మెంట్. "ఇవాళే సంతకం పెడితే రెండు నెలల జీతం, లేదంటే టెర్మినేషన్" అంటారు. చేతులు వణుకుతాయి, ఎంత సీనియర్లకైనా. సంతకం పెట్టకండి. "చదివి రేపు చెప్తాను, కాపీ పంపండి" అని ఆ ఒక్క మాటే అనండి. అవతలి కుర్చీలో నుంచి చెప్తున్నాను, ఆ గడువు దాదాపు ఎప్పుడూ నిజమైన గడువు కాదు. మరుసటి రోజుకు సెవరెన్స్ ఒక నెల పెరగడం, ఇన్సూరెన్స్ మూడు నెలలు పొడిగించడం చూశాను. బయటికెళ్తున్న వ్యక్తికి బకాయి జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలని ఆ కొత్త కోడ్‌లలోని వేజెస్ కోడ్ చెప్తోంది, అదీ అడగండి.

మీ కంపెనీకి చెన్నైలో ఆఫీసు ఉందా? ఉంటే బేస్ లొకేషన్ చెన్నైకి మార్చమని అడగండి. మెయిల్‌లో ఉన్నది "ఆఫీసుకు" రావాలని, అది బెంగళూరే కావాలని మీ టీమ్‌కు నిజంగా అవసరమా? నెల్లూరులో ఒకామె హైదరాబాద్ బేస్ వదిలేసి చెన్నై పెట్టించుకుంది. సోమవారం తెల్లవారుజామున రైలెక్కుతుంది, మూడు రాత్రులు అక్క ఇంట్లో ఉండి గురువారం రాత్రికి ఇంటికొస్తుంది. మీకు సింగరాయకొండలో రైలెక్కితే చెన్నైకి నేరుగా దారి, నాన్నగారికి ఏదైనా అవసరమైతే అర్ధరాత్రి బయల్దేరినా తెల్లారేసరికి ఇంట్లో ఉంటారు. బెంగళూరే తప్పదంటే నాలుగు రోజులూ సోమవారం నుంచి గురువారానికి సర్దుకుని, శుక్రవారం కందుకూరులో ఉండేలా చూసుకోండి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. ఆదివారం రాత్రి టికెట్లు తెరిచిన రోజే తీసేసుకోండి, పండగలకైతే మరీనూ. ఆఫీసుకెళ్లి స్వైప్ చేసి కాఫీ తాగి గంటలో వచ్చేసే తెలివి వద్దు. లోపల ఎన్ని గంటలున్నారో కూడా చాలా కంపెనీలు చూస్తున్నాయి.

మీ ఆవిడ చేత స్కూలు మాన్పించకండి అబ్బయ్యా. జీతం చిన్నదే కావచ్చు, కానీ మీ ఇంట్లో ఆ ఎక్సెల్ షీట్‌లో లేని జీతం అదొక్కటే.

ఇన్సూరెన్స్ సంగతి చాలామంది ఆఖర్న చూస్తారు. కంపెనీ గ్రూప్ పాలసీ మామూలుగా చివరి పనిదినంతోనే ఆగిపోతుంది, దాంతోపాటు అమ్మానాన్నల కవరూ పోతుంది. ఉద్యోగం ఉండగానే నాన్నగారికి సొంత పాలసీ తీసుకోండి, స్టెంట్ సంగతి దాచకుండా చెప్పి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్‌ను (క్లెయిమ్ రాని కాలాన్ని) 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ గరిష్ఠంగా మూడేళ్లకు తగ్గించింది. ఆ గడియారం ఎంత తొందరగా మొదలైతే అంత మేలు. ప్రీమియం చూసి గుండె గుభేలుమంటుంది, అయినా తీసుకోండి.

సెవరెన్స్ డబ్బు గురించి ఒక మాట, మన జిల్లాల వాళ్లం కాబట్టి. కావలి వైపు కుర్రాడొకడు లేఆఫ్ డబ్బు వచ్చిన నెలలోనే రొయ్యల చెరువు లీజుకు తీసుకున్నాడు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చింది, రొయ్యల కొనుగోళ్లు తడబడ్డాయి, లీజు డబ్బులూ మేత డబ్బులూ ఇరుక్కుపోయాయి. ఉద్యోగం పోగొట్టిన దేశమే చెరువునూ ముంచింది అని వాడే నవ్వుతూ చెప్పాడు. కనీసం ఆరు నెలల ఈఎంఐ, ఇంటి ఖర్చు పక్కన పెట్టేదాకా ఆ డబ్బును ఎక్కడా దించకండి. పీఎఫ్ కూడా కదపొద్దు.

ఇంటి నుంచా ఆఫీసు నుంచా అన్న చర్చలో నా అభిప్రాయం కూడా చెప్తాను. కొత్తగా చేరిన పిల్లలు పక్కన కూర్చుని నేర్చుకునేది చాలా ఉంటుంది, ఇది నిజం. 2020-21లో ఇంట్లోంచే చేరినవాళ్లలో కొందరికి ఎవరిని ఏం అడగాలో కూడా తెలియకపోవడం కళ్లారా చూశాను. కానీ క్లయింట్ అమెరికాలో, టీమ్‌లో సగం పుణేలో, సగం నోయిడాలో ఉన్న ఆరేళ్ల అనుభవజ్ఞుడు బెంగళూరు ట్రాఫిక్‌లో రెండు గంటలు పడి వెళ్లి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అదే టీమ్స్ కాల్‌లో కూర్చోవడం వల్ల ఎవరికి లాభమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన నికొలస్ బ్లూమ్ బృందం చైనాలోని ట్రిప్.కామ్‌లో 1,612 మందితో చేసిన పరిశోధన 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసినవాళ్ల పనితీరు, ప్రమోషన్లు ఏమీ తగ్గలేదు, ఉద్యోగం మానేసేవాళ్లు మాత్రం మూడో వంతు తగ్గారు. మనుషులు మానేయకుండా ఉండాలనుకునే కంపెనీకి ఇది మంచి వార్త. మానేస్తే బాగుండుననుకునే కంపెనీకి దీంతో పనేముంది?

మీ మెయిల్‌లో రెండు రోజుల మినహాయింపు అడగమన్నది అందుకే. పూర్తిగా ఇంటి నుంచే అంటే ఎవరూ ఇవ్వరు. రెండు రోజులంటే ఒప్పుకునే మేనేజర్లు ఉన్నారు.

అపాయింట్‌మెంట్ లెటర్ తీసి మూడు విషయాలు చూసి ఇక్కడే రాయండి: పని స్థలం దగ్గర ఏముంది, నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులు, దాన్ని డబ్బు కట్టి తగ్గించుకునే వీలుందా. 90 రోజుల నోటీసుండి బై అవుట్ లేకపోతే, ఉద్యోగం వెతికే పద్ధతి కొంచెం మార్చాలి. కంపెనీ పేరు, మేనేజర్ పేరు మాత్రం ఇక్కడ పెట్టకండి. ఇలాంటి పోస్టులు హెచ్‌ఆర్‌లు కూడా చదువుతారు.